వదిన కట్టిన దేవయ్య వేషం

సకల జనుల సమ్మె మొదలైన రోజు కోరుట్ల అంతా రోడ్డు మీదికి వస్తే నేను మాత్రం లోలోపల పండుగ చేసుకున్నాను. మా ఆయన సాగర్ సర్కారు బడిలో సారు; బడులు బంద్. హైదరాబాదులో నేను నాటకం చదివే యూనివర్సిటీ బంద్, మా హాస్టల్లో పొయ్యి కూడా బంద్. శ్రావణంలో పెళ్ళయి, కాళ్ళ పారాణి ఆరకముందే ఆయన బడికి, నేను క్లాసులకు విడిపోయినవాళ్ళం. ఇప్పుడు తెలంగాణ మొత్తం చేతిలో పని కింద పెట్టి మా ఇద్దరినీ ఒకే కప్పు కింద కూర్చోబెట్టినట్టు అనిపించింది. ఆ మాట పైకి అంటే బాగుండదని తెలిసి సాగర్ చెవిలో అన్నాను.

"గీ మాట శిబిరంల అనకు, నన్ను జేఏసీల నుంచి ఎల్లగొడ్తరు," అని నవ్వాడు.

పొద్దున ఆయన దీక్షా శిబిరానికి పోయేవాడు. మధ్యాహ్నం తిరిగొచ్చేటప్పటికి చొక్కా నిండా గులాబీ రంగు, చేతి సంచిలో సీతాఫలాలు. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని రోజులు. వెనక అరుగు మీద కూర్చొని ఒకే పండు ఇద్దరం తింటూ, గింజలు ఎవరు ఎక్కువ దూరం ఊస్తారని పందెం వేసుకునేవాళ్ళం. లోపలి నుంచి మా అత్తమ్మ లచ్చవ్వ, "గా గింజల మీద జారిపడేది నేనే గద," అనేది, చేతిలో బీడీ చుట్టడం ఆపకుండానే.

కొత్త కోడలు మొదటి బతుకమ్మకు పుట్టింటికి పోవాలి. మా పుట్టిల్లు సిరిసిల్ల. బాపు ఫోన్ చేసి, "బండి మీద వస్తనే బిడ్డా, తయారుగుండు," అన్నాడు.

"వద్దు బాపూ, తొవ్వల చెట్లు అడ్డమేసిండ్రట," అన్నాను.

పక్కనుండి అత్తమ్మ విన్నది. "చెట్లు అడ్డమో, మొగడు అడ్డమో," అన్నది. నేను సిగ్గుపడి వంటింట్లోకి పోయాను. ఆ సిగ్గు కూడా నాకు సంతోషంగానే ఉండింది.

నేను నాటకం చదువుతున్నానని పెళ్ళిచూపుల్లో చెబితే ఇదే అత్తమ్మ, "నాటకానికి సదువెందుకే, గది అందరికి వస్తది," అని తేల్చేసింది. మా క్లాసులో రాసిన నాటకం ఉండదు, ఒకరు చెప్పి ఆడించేదీ ఉండదు. అందరం నేల మీద గుండ్రంగా కూర్చుంటాం. ఒకరు తమ బతుకులోని ముచ్చట ఒకటి తెస్తారు. తెచ్చినవాళ్ళు తమ వేషం తామే కట్టకూడదు, ఇంకొకరు కట్టాలి. ఆ తర్వాత ఏం జరిగిందో వరుసగా ఒక్కొక్కరు ఒక్కో మాట కలుపుకుంటూ పోతారు. వేషం కట్టినవాళ్ళు ఆ మాట విన్న వెంటనే చేసి చూపాలి. మాట తోచకపోతే నేల మీద ఒకసారి తడితే చాలు, వంతు పక్కవాళ్ళకు పోతుంది. ఎందుకు తోచలేదని ఎవరూ అడగకూడదు. ఆఖరి ఏడాది నటులు కానివాళ్ళతో ఇట్లా ఒక నాటకం తయారుచేయాలి. నాకు నటులు మా అరుగు మీదనే దొరికారు. మధ్యాహ్నాలు అక్కడ చేరి బీడీలు చుట్టే ఆడవాళ్ళు: ఎదురింటి వెంకటవ్వ, వెనక గల్లీ సయీదా బేగం, ఇంటర్ చదివే ప్రవళిక. అత్తమ్మ మాత్రం గడప లోపల కూర్చొని, "మీరు ఆడుండ్రి, నేను ఆకు కత్తిరిస్త," అనేది.

పెత్రమాస రోజు, బతుకమ్మ మొదలయ్యే అమావాస్య నాడు, జగిత్యాల నుంచి మా ఆడబిడ్డ సుమిత్ర వదిన దిగింది. బస్సులు లేకపోతే ఆటోలు మారి, చివరికి పసుపు బస్తాల వ్యాన్‌లో ఎక్కి వచ్చింది. మొహం, చేతులు, చీర అంచు అన్నీ పచ్చగా.

"పెండ్లిపిల్ల నువ్వా నేనా, మరదలా?" అని నా చెంపలకు కూడా ఇంత పసుపు రాసింది.

వదిన పెనిమిటి దేవయ్య షార్జాలో సెంట్రింగ్ పని చేస్తాడు. నాకు అన్నయ్య వరస; ఆయనకు అమ్మానాన్నలు లేరు, జగిత్యాలలో వాళ్ళది కిరాయి ఇల్లు. మా పెళ్ళికి రాలేదు కాబట్టి ఆయన్ని నేను చూడలేదు, వదిన చేసి చూపిస్తే చూశాను. ఎందుకంటే మా నాటకానికి ముచ్చట తెచ్చింది వదినే: మొగుడు గల్ఫ్‌లో ఉన్న ఇల్లు, తెలంగాణ వచ్చిందని విని అతను తిరిగి రావడం. రివాజు ప్రకారం ఆమె వేషం సయీదా కట్టాలి. "అయితే నేను మా ఆయనను అయిత," అని వదిన లోపలికి పోయి సాగర్ పాత ప్యాంటు చొక్కా తొడుక్కొని, తలకు తువ్వాల చుట్టుకొని వచ్చింది. కుడి భుజం కొంచెం కిందికి వాలుతూ నడిచింది. ఫోన్ చెవికి పెట్టుకొని, ప్రతి మాటకు ముందు ఒకసారి గొంతు సవరించుకున్నది.

"ఊఁ... తిన్నవా? ఊఁ... ఏం కూర? ఊఁ... ఇంక?"

"షార్జా నుంచి గీ కూర ముచ్చటకేనా ఫోను?" అని సయీదా కసిరింది.

"ఊఁ... పైసలు నాయే గద," అన్నది వదిన. వెంకటవ్వ నవ్వి నవ్వి చాటలో పొగాకు ఒలకబోసుకున్నది. ఒక మనిషిని ఎన్నడూ చూడకుండానే నేను ఇష్టపడటం అదే మొదలు.

షార్జా నుంచి ఆ ఫోన్ బతుకమ్మ నడిమధ్యలో వచ్చింది. శిబిరంలో ఉన్న సాగర్‌కు, దేవయ్య అన్నయ్యతో ఒకే గదిలో ఉండే మెట్‌పల్లి మనిషి చేశాడు. సాగర్ ముందు తలుపు నుంచి రాకుండా పెరట్లో నుంచి వచ్చి నన్ను, అత్తమ్మను బావి గిలక దగ్గరికి పిలిచాడు. అరుగు మీద వదిన గునుగు పూలకు రంగు అద్దుతూ ప్రవళికతో ఏదో గొడవ పడుతున్నది. ఆ మాటలు మాకు వినిపిస్తున్నాయి.

"బావ పోయిండమ్మా," అన్నాడు సాగర్. "రాత్రి పండుకున్నడట. పొద్దుగాల లేపితే లేవలేదట."

అత్తమ్మ గిలక తాడు పట్టుకొని నిలబడింది. ఏడవలేదు. "పెట్టె ఎన్నడు పంపుతరట?" అని అడిగింది.

"కాయితాలు కావాలెనట. దసరా దాటుతది."

"అయితే దసరా దాటేదాక బిడ్డకు తెల్వద్దు."

నేను ఆగలేకపోయాను. "అత్తమ్మా, గది ఆమె మొగడు. ఆమెకు తెల్వకుంటే ఎట్ల?"

"ఎట్లంటే గట్లనే. మన దిక్కు ఎవలింట్ల అయినా గంతే. ఇయ్యాల చెప్తే పెట్టె వచ్చేదాక ఏం చేస్తది చెప్పు. మొకం చూడకుండ ఎవలి మీద పడి ఏడుస్తది?" తర్వాత గొంతు తగ్గించి, "మా అక్క కొడుకప్పుడు చెప్పి చూసినం. పెట్టె వచ్చేసరికి వాని తల్లికి మతి లేదు," అన్నది.

"బావ వచ్చే దినం తెలిస్తే చెప్తమన్నరు," అని సాగర్ కళ్ళు తుడుచుకున్నాడు.

"వచ్చుడు అనకురా," అన్నది అత్తమ్మ వెంటనే. "పెట్టె దినం అను. పోయిన మనిషిని మట్టి చెయ్యకముందే వచ్చిండు అని నోటితోని అంటే గా పానం గడపల్నే నిలుస్తది. ఎటూ పోదు."

ఆ రోజు నుంచి మా ఇంట్లో ప్రతి అబద్ధానికీ సమ్మె పనికొచ్చింది. చార్జింగ్ నిలవడం లేదని వదిన ఫోన్ సాగర్ తీసుకున్నాడు. రిపేరు దుకాణం బంద్ ఉందని తిరిగి ఇవ్వలేదు. సెలవు రోజైన శుక్రవారం కూడా అన్నయ్య మా ఫోన్లకైనా చేయలేదని వదిన అడిగితే, "టవర్లకు కరెంటు ఏదక్కా," అన్నాడు. వదిన నమ్మింది. "తెలంగాణ వచ్చినంక గదే టవరెక్కి మాట్లాడుత," అన్నది. సయీదాకు షార్జాలో ఉన్న తమ్ముడి కొడుకు ద్వారా తెలిసిపోయింది. ఆమె ఎప్పటిలాగే చాట పట్టుకొని వచ్చి, అత్తమ్మ పక్కన కూర్చొని, అత్తమ్మ చాటలోని ఆకు కూడా తానే కత్తిరించి పెట్టింది. వాడకట్టులో ఎవరూ నోరు జారకుండా చూడమని వెంకటవ్వకు అత్తమ్మే చెప్పింది. ప్రవళికకు మాత్రం చిన్నపిల్ల అని చెప్పలేదు.

నాటకం ఆపుదామన్నాను. "ఆపితే అడగదా?" అన్నది అత్తమ్మ. "రోజు ఆడినట్టే ఆడుండ్రి."

అందరికంటే చెడ్డగా ఆడింది నేనే. వదిన నవ్వితే నేను ఆలస్యంగా నవ్వేదాన్ని. ఆమె తలలో పూలు పెట్టుకుంటే చూపు తిప్పుకునేదాన్ని. ఒకసారి వంటింట్లో సాగర్ పిండి చేయి నా ముక్కుకు తుడిస్తే నవ్వబోయి, అరుగు వైపు చూసి ఆపుకున్నాను. గుమ్మంలో నుంచి వదిన చూసి, "నవ్వుండ్రి తల్లీ, మీ నవ్వుకేమన్న బంద్ ఉన్నదా?" అని పోయింది.

నాటకంలో చివరి భాగం మిగిలి ఉండింది, దేవయ్య ఇంటికి రావడం. ఆ మధ్యాహ్నం వదిన మా పెళ్ళికి వచ్చిన పెద్ద దుప్పటిని సంచిలో కుక్కి, షార్జా సామాను అని భుజానికి ఎత్తుకొని గల్లీ మొదట్లో నిలబడింది. మేము అరుగు మీద గుండ్రంగా కూర్చున్నాం. మొదటి వంతు ప్రవళికది.

"ఇమానం దిగిండు," అన్నది ప్రవళిక.

వదిన రెండు మెట్లు దిగినట్టు దిగి, నుదుటికి చేయి అడ్డం పెట్టుకొని చూసింది. "ఊఁ... గీడ ఇంత ఎండేంది, షార్జానే నయం."

తర్వాత వెంకటవ్వ. "తొవ్వల చెట్లు అడ్డం పడ్డయి," అన్నది. వదిన సంచి దించి, చెట్టు దాటి, మళ్ళీ ఎత్తుకున్నది.

"వంటావార్పు కాడ ఆపి తిన్నంకనే పొమ్మన్నరు," అన్నది సయీదా. వదిన రోడ్డు మీద బాసింపట్టు వేసుకొని పప్పన్నం తిని, ఉప్పు తక్కువైందని వంక పెట్టింది.

"జగిత్యాలల ఆటో దొరకలేదు, నడుసుకుంట బయలెల్లిండు," అన్నాను నేను.

"గింతమంది కల్సి ఆయనను తిప్పలు పెడ్తున్నరేందే," అని ప్రవళిక విసుక్కున్నది. వంతు మళ్ళీ ఆమెకే వచ్చింది. "గల్లీలకు మలిగిండు. ఇంటి ముంగట నిలబడ్డడు. అయిపాయె."

వదిన కుడి భుజం వాల్చుకొని వచ్చి గడప ముందు నిలబడింది. ఒక కాలు ఎత్తి పట్టుకొని, నవ్వు మొహంతో వెంకటవ్వ వైపు చూసింది. ఒక్క మాట అంటే చాలు, లోపలికి పోతుంది.

వెంకటవ్వ నేల మీద తట్టింది.

వదిన సయీదా వైపు చూసింది. సయీదా చేతిలో ఉన్న బీడీకి దారం చుట్టి, ముడి వేసి, దాన్ని చాటలో పెట్టి, నేల మీద తట్టింది.

"టీచరమ్మా, నువ్వన్న చెప్పు. కాలు గుంజుతాంది," అన్నది వదిన నాతో.

మాట నోటిదాకా వచ్చింది. ఇంట్లోకి వచ్చి మంచినీళ్ళు అడిగిండు. అంతే కదా. క్లాసులో ఎన్ని చావుల్ని, ఎన్ని రాకల్ని నవ్వుతూ కల్పించాను. కానీ గడప లోపల అత్తమ్మ కత్తెర చప్పుడు ఆగిపోయింది. నా చేయి దానంతట అదే నేలకు తగిలింది.

ప్రవళిక నోరు తెరిచింది. సయీదా ఆమె మోకాలి మీద చేయి వేసింది. పిల్ల అర్థంకాక నోరు మూసుకున్నది.

వదిన ఎత్తిన కాలు కిందికి దించింది. మా మొహాలు ఒక్కొక్కటే చూసింది, తొందర లేకుండా. లోపల కూర్చున్న తల్లిని చూసింది. అత్తమ్మ తల ఎత్తలేదు. వదిన భుజం మీది సంచి దించి బయటి మెట్టు మీద పెట్టి, దాని పక్కన కూర్చున్నది.

"బాగ దూరం నడిసిండు," అన్నది, తన గొంతుతోనే. "గీడ్నే కూసుంటడు జెర సేపు."

ఆమె తలకు చుట్టిన తువ్వాల విప్పి మడత పెట్టింది. "ఇయ్యాల్టికి సాలు. మీ బీడీలు మిగిలిపోతయి," అని లేచి బట్టలు మార్చుకోవడానికి పోయింది.

ఆ నాటకం మళ్ళీ ఆడలేదు. సమ్మె విడిచి యూనివర్సిటీ తెరిచాక మా సారు అడిగితే, పూర్తి కాలేదని మాత్రం చెప్పాను.

వదిన ఏమైనా అడుగుతుందని ఆ సాయంత్రమంతా భయపడ్డాను. అడగలేదు. అన్నం తిన్నది. మరునాడు తంగేడు పూలకు నన్ను వెంటబెట్టుకొని పోయి, వాడకట్టులో అందరికంటే ఎత్తు బతుకమ్మ పేర్చింది. సద్దుల రోజు, బతుకమ్మ చివరినాడు, పెళ్ళిచీర కట్టి, రెండు చేతులకూ గాజులు నిండుగా వేసుకొని, పాట తానే ఎత్తుకున్నది. ఆమె ఎత్తుకుంటే మేమందరం అందుకున్నాం. అత్తమ్మ దూరం నుంచి చూస్తూ, "నా బిడ్డకు తెల్వదు. మంచిగనే అయింది," అన్నది నాతో, తనకే నచ్చజెప్పుకుంటున్నట్టు.

వాగులో బతుకమ్మను వదిలి, మోకాలి లోతు నీళ్ళలో నిలబడి ఉండగా వదిన నా వైపు తిరగకుండానే అడిగింది.

"పెట్టె ఎన్నడు వస్తదే?"

నీళ్ళలో దీపాలు, పూలు కలిసి కదులుతున్నాయి. నాకు అబద్ధం దొరకలేదు.

"దసరా ఎల్లినంక అన్నరు వదినా."

"మీదికెల్లి పడ్డడా?"

"లేదు. నిద్రల."

తల ఊపింది. "మంచిది. ఎత్తులకు ఎక్కాలంటే భయముండె ఆయనకు. చేసేదేమో గదే పని. గా సంగతి నాకొక్కదానికే తెలుసు."

నేను ఏడుస్తున్నానని ఆమె నీళ్ళు నా మొహం మీద చల్లింది, చూసేవాళ్ళకు ఆటలా ఉండేట్టు.

"అత్తమ్మకు చెప్త వదినా, నీకు తెలిసిందని. ఎందుకు ఇంక గీ దాసిపెట్టుడు?"

"చెప్పకు. నాకెవ్వలు చెప్పలే గద. చెప్పిన్నాడు మొదలైతది." గట్టు మీద నిలబడ్డ తల్లి వైపు చూసింది. "నా ముంగట నవ్వుతాంది చూసినవా? గంత కష్టపడి నవ్వుతాంది. ఎట్ల ఆపుత చెప్పు."

దసరా వెళ్ళాక సాగర్ శంషాబాద్ విమానాశ్రయానికి పోయాడు. దారిలో రాస్తారోకోలు. పెట్టె ఉన్న వ్యాన్ అని తెలిసిన చోటల్లా నినాదాలు ఆపి, కట్టెలు పక్కకు జరిపి తొవ్వ ఇచ్చారట. జగిత్యాల దాటామని పొద్దున సాగర్ నాకు ఫోన్ చేశాడు. నేను అత్తమ్మ వైపు చూశాను. ఇంక ఆగడానికి లేదని ఆమెకు అర్థమైంది.

వదిన తలంటుకొని ఎండలో కూర్చొని ఉంది. నేను వెనక కూర్చొని జడ వేస్తున్నాను. అత్తమ్మ వచ్చి ఎదురుగా చతికిలబడింది.

"బిడ్డా."

"ఏందమ్మా?"

అత్తమ్మ పెదవులు కదిలాయి. "ఏం లేదు. ఎండ బాగ కొడ్తాంది," అన్నది.

వదిన తానే అడిగింది. "అమ్మా, షార్జా నుంచి ఏమన్న ఫోన్ వచ్చిందానే?"

"వచ్చింది బిడ్డా." అత్తమ్మకు ఊపిరి అందింది. "అల్లునికి పానం బాగలేదట."

"జరమా?"

"జరం కాదు. ఛాతిల నొప్పి లేసిందట."

"దవఖానకు కొంచవోయిండ్రా మరి?"

"కొంచవోదామనే అనుకున్నరట. అంతట్లనే..." అత్తమ్మ ఆగిపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. ఇన్ని రోజులు మోసిన మాట ఇప్పుడు ఎత్తలేకపోతున్నది.

వదిన ముందుకు వంగి తల్లి రెండు చేతులూ తన ఒళ్ళోకి తీసుకున్నది. జడ నా చేతిలో బిగుసుకుంది.

"అంతట్లనే ఏమైందే? చెప్పు. నేను వింటున్న."

అత్తమ్మ చెప్పింది.

చెప్పి ముందుకు తూలింది. వదిన తల్లిని రొమ్ముకు హత్తుకొని పట్టుకున్నది, పడిపోకుండా. అప్పుడు ఏడ్చింది. ఆ ఏడుపు విని వెంకటవ్వ, సయీదా చాటలు వదిలి పరుగున వచ్చి, మెట్ల దగ్గర ఆగి నిలబడ్డారు.

గల్లీ మొదట్లో వ్యాన్ మళ్ళిన చప్పుడైంది. వదిన వెనక్కి చేయి చాపి, నా చేతిలోని సగం జడ అందుకొని, చివరిదాకా తానే అల్లుకున్నది. లేచి, తల్లిని లేపి, ఆమె కొంగు సవరించి, చేయి పట్టుకొని నడిపిస్తూ బయటికి తీసుకుపోయింది.